కూర్చోడానికి మానేశానండి

రాజమండ్రిలో నేను మొదట పనిచేసిన చీరల షోరూములో ఏసీ ఉంది, నిలువుటద్దాలున్నాయి. పనిచేసే మాకు కూర్చోడానికి మాత్రం ఏమీ లేదు. కస్టమరు ఉన్నా లేకపోయినా పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడాల్సిందే. కాస్త గోడకి ఆనుకుంటే చాలు, సూపర్‌వైజరు చప్పట్లు కొట్టేవాడు. రెండేళ్ళు ఓర్చుకున్నాను. ఒకరోజు పాదాలు వాచి చెప్పుల్లో పట్టకపోతే, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చేశాను. మర్నాడు వెళ్ళలేదు.

మా అమ్మ మార్కెట్లో చేపలమ్ముతుంది. "నా బతుకెలాగూ నీచు వాసనే, నువ్వన్నా ఫ్యాను కింద చేసుకోవే" అని నన్ను ఇంటర్ చదివించింది. మానేశానంటే ఏడుస్తుందనుకున్నాను. నా పాదాలు చూసి మండిపడింది.

"ఏంటే, రోజంతా నిలబెట్టారా? చేపలమ్మే నేనే పీట మీద కూర్చుని అమ్ముతున్నానే! కార్లేసుకొచ్చినవాళ్ళు నా ముందు వంగి బేరమాడతారు!"

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కానీ నాన్నకు నడుం పట్టేసి వలకి వెళ్ళడం మానేసి ఆరు నెలలైంది. నాకు ఉద్యోగం లేకపోతే ఇల్లు గడవదు.

పది రోజులకి మెయిన్ రోడ్డులో ఒక పాత చీరల కొట్లో మనిషి కావాలన్నారు. అక్కడ పనిచేసే నా స్నేహితురాలు ముందే పాఠం చెప్పింది. "ఎందుకు మానేశావని అడుగుతారే. ఇంటికి దూరమని చెప్పు. కూర్చోడానికన్నావో, పనిదొంగవనుకుంటారు."

దారి పొడుగునా "దూరమండి, దూరమండి" అని వల్లించుకుంటూ వెళ్ళాను.

షావుకారుగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని, నన్ను ఎదురుగా నిలబెట్టి, ఇల్లెక్కడో, ఇదివరకు ఏ షాపులో చేశానో కనుక్కున్నారు.

"పాత షాపు ఎందుకు మానేశావమ్మా?"

"ఇంటికి దూరమండి."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఆ షాపు దాటుకునే కదమ్మా ఇక్కడికొచ్చావు?"

చచ్చాంరా దేవుడా అనుకున్నాను. దూరమని వల్లించానే గాని, ఏది దూరమో చూసుకోలేదు! నా తెలివికి నాకే ఒళ్ళు మండింది. ఇక దాచి ఏం లాభం?

"కూర్చోడానికి మానేశానండి" అనేశాను.

చీరలు మడతపెడుతున్న అమ్మాయిల చేతులు ఆగిపోయాయి. నా స్నేహితురాలు నుదురు కొట్టుకుంది.

"కూర్చుంటే అమ్మకం ఎలా అవుతుందమ్మా?"

"చూపించేప్పుడు ఎంతసేపైనా నిలబడతానండి. ఎవరూ లేనప్పుడేనండి. మా అమ్మ రోజంతా పీట మీదే కూర్చుంటుందండి, ఒక్క బేరం వదలదు."

"ఏం అమ్ముతారావిడ?"

"చేపలండి."

పాత షాపులో రెండేళ్ళూ ఎవరికీ చెప్పని మాట అది. వాసన వస్తుందేమోనని రోజూ తలస్నానం చేసి, మెడ నిండా పౌడరు కొట్టుకుని వెళ్ళేదాన్ని. చెప్పేశాక ప్రాణం హాయిగా ఉంది.

ఆయన నవ్వారు. "సోమవారం నుంచి రామ్మా. పీట కావాలంటే నువ్వే తెచ్చుకో."

ఆయన వేళాకోళానికే అన్నారు. మా అమ్మ మాత్రం నిజమనుకుంది. తన రెండో పీటకి చింతపండు రుద్ది, సబ్బుతో తోమి, రెండు రోజులు ఎండబెట్టి ఇచ్చింది. నేనూ మొండిదాన్నే, పట్టుకెళ్ళాను.

ఏసీ వేసిన గంటకి సంగతి బయటపడింది. షావుకారుగారు జన్మలో నీచు ముట్టని మనిషి. ముక్కు ఎగబీలుస్తూ కొట్టంతా రెండుసార్లు తిరిగారు. పట్టుచీరలు చూస్తున్న ఒకావిడ, "ఎక్కడో చేపల పులుసు మరుగుతున్నట్టుందండీ" అంది. ఆయన నేరుగా నా దగ్గరికొచ్చి ఆగారు. నేను పీట మీద కూర్చుని జాకెట్టు ముక్కలు సర్దుతున్నాను.

"ఏంటమ్మా ఇది?"

"మీరే తెచ్చుకోమన్నారు కదండీ."

ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన నన్నూ పీటనూ మార్చి మార్చి చూసి, జేబులోంచి ఫోను తీశారు. భోజనాల వేళకి ఆటోలో ఆరు ప్లాస్టిక్ స్టూళ్ళు దిగాయి, ఒక్కొక్కరికీ ఒకటి.

నుదురు కొట్టుకున్న నా స్నేహితురాలే ముందు కూర్చుంది. "ఏడేళ్ళయిందే ఈ కొట్లో చేరి" అని కాళ్ళు చాపి కళ్ళు మూసుకుంది. ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం పీట తిరిగి తెచ్చానని అమ్మ ముఖం చిన్నబోయింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"అయ్యో, అంత తోమినా వాసన పోలేదటే?"

"పోకపోవడమే మంచిదైందమ్మా" అన్నాను.