తీగ తెగిన స్పీకర్

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. నకిరేకల్‌లో పన్నెండేళ్లుగా కార్లకు సౌండ్ సిస్టంలు బిగిస్తున్నాను. స్పీకర్ గురగురలాడితే ఎర్త్ సరిగా లేదనో, వైరు ఒరుసుకుపోయిందనో వెతుకుతాను తప్ప మరో ఆలోచన రాదు.

లింగయ్య మగ్గం వదిలేసి, పాత కారు కొని కిరాయికి తిప్పుకునేవాడు. అతని కారుకు సెట్టు నేనే బిగించాను. కొన్నాళ్లకు ఎడమ డోరు స్పీకర్ ఆగి ఆగి మోగడం మొదలైంది. మూడుసార్లు వచ్చాడు.

"జర సూడన్నా, మా పద్మ కూసునే దిక్కే పాట వస్తలేదు" అనేవాడు. పద్మ అతని భార్య.

పెళ్లిళ్ల సీజను, చేతినిండా పని. మూడుసార్లూ రేపు రమ్మన్నాను.

నాలుగోసారి రాలేదు. ఇంట్లో అన్నం తింటూ తింటూనే ఒరిగిపోయాడని, దవాఖానకు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందని తెలిసింది.

నెల తర్వాత పద్మ, ఆమె తమ్ముడు ఆ కారు తెచ్చారు. అమ్మేస్తున్నారట, కొనేవాళ్లకు సెట్టు వద్దట. విప్పి ఇమ్మన్నారు. పట్టపగలు, పదకొండు గంటలప్పుడు. తమ్ముడు కారు కాగితాలు జిరాక్స్ తీయించడానికి రోడ్డవతలికి వెళ్లాడు.

బ్యాటరీ తీగ విప్పాను. సెట్టు బయటికి లాగి సీటు మీద పెట్టాను. ఎడమ డోరు అట్ట ఊడదీస్తే లోపం కనబడింది. డోరు మడత దగ్గర వైరు నలిగి తెగిపోయింది. పది నిమిషాల పని. స్పీకర్ విప్పి చేతిలోకి తీసుకున్నాను.

అందులోంచి "పద్మా" అని వినబడింది. మెల్లగా, పక్క గదిలోని మనిషిని పిలిచినట్టు. లింగయ్య గొంతే.

"ఆఁ, వస్తున్న" అంది పద్మ, అలవాటుగా. అన్నాక నా మొహం చూసింది. స్పీకర్ మధ్యలోని కాగితం పొర అదురుతున్నట్టు నా వేళ్లకు తెలుస్తూనే ఉంది.

"అన్నా, గా స్పీకర్ నాకియ్యి" అంది.

బాగుచేసి ఇస్తానని, రెండ్రోజులాగి రమ్మన్నాను. వాళ్లు వెళ్లగానే, భయానికి, దాన్ని పాత సామానువాడి బండిలో వేసేశాను.

పద్మ వచ్చింది. పారేశానని చెప్పాను. కోప్పడలేదు.

"పోనీ తియ్యన్నా. ఆయన పిలిచింది నువ్వు గూడ విన్నవు గద? ఇంట్ల చెప్తే నాకు మతి పోయిందంటున్నరు. నువ్వొక్కమాట చెప్పు, సాలు."

దుకాణంలో గిరాకీలు ఇద్దరు నిలబడి వింటున్నారు.

"నేనేం విన్లే చెల్లె" అన్నాను.

పద్మ కొంగు సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

కరెంటు లేదు, తీగ లేదు. ఆ స్పీకర్ ఎట్లా పలికిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. తోటి మెకానిక్‌లను అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. విన్నానని ఒప్పుకుందామని ఒకరోజు వాళ్ల ఇంటికి వెళ్లాను. తాళం వేసి ఉంది. కొల్లాపూర్‌లో తల్లిగారింటికి పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఇంటి గుర్తులు కూడా అడిగి రాసుకున్నాను.

ఇంకా పోలేదు.