గట్టులో తడిసిన పల్లికాయ

2023లో వానాకాలం పంట చేతికొచ్చే రోజులు. నేను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా తిరుగుతున్నాను. కెన్యాలో, వియత్నాంలో, మన దగ్గర, చిన్న ఊళ్లలో సొంతంగా వ్యాపారం పెట్టుకున్నవాళ్లకు చుట్టూ ఏ ఆసరా ఉందో పోల్చి చూసే అధ్యయనం మాది. ఆ ఆసరాలన్నిటినీ కలిపి మా వృత్తిలో ‘ఎకోసిస్టమ్’ అంటారు. బ్యాంకు, సరుకు కొనే వ్యాపారి, యంత్రం బాగుచేసే మెకానిక్, అదే పని చేసే మరో మనిషి, అందరూ అందులోకి వస్తారు. మూడు దేశాల్లోనూ అవే ప్రశ్నలు అదే వరుసలో అడగాలి. లేకపోతే పోలిక నిలవదు.

మాకు రెండు కట్టుబాట్లు ఉండేవి. అడిగి రాసుకోవడమే తప్ప సలహా చెప్పకూడదు. ఒకరు చెప్పినది ఇంకొకరి చెవిన వేయకూడదు.

ఆ రోజు గద్వాల జిల్లాలోని గట్టు అనే ఊరికి వెళ్లేసరికి ముసురు పట్టి ఉంది. పద్మమ్మ అక్కడ పల్లీల యూనిట్ నడుపుతుంది. చుట్టుపక్కల మెట్ట రైతుల దగ్గర కాయ కొని, ఆరబెట్టి, ఒలిపించి, రాయచూరు వ్యాపారికి పంపుతుంది. షెడ్డులో తడి కాయ కుప్పలుగా పడి ఉంది. డ్రయ్యర్, అంటే వేడి గాలితో కాయను ఆరబెట్టే యంత్రం, చప్పుడు లేకుండా నిలబడి ఉంది.

“మోటరు కాలింది మేడం. గద్వాలకు పంపిన. జల్దీ కాదంటుండ్రు,” అంది. కుప్పలో చెయ్యి పెట్టి చూసుకుంది. నన్నూ పెట్టమంది. లోపల వెచ్చగా తగిలింది. తడి కాయ వేడెక్కితే బూజు పడుతుంది. బూజు పట్టిన పల్లి తినడానికి పనికిరాదు, ఎవరూ కొనరు. షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు కాయను తిరగేస్తూనే ఉన్నారు.

మరో రోజు వస్తానన్నాను. “కూసో. ఊకె కుప్పను చూసుకుంట ఉంటే పానం ఆగుతలేదు. నువ్వు అడుగు, నేను చెప్త,” అంది.

అడగడం మొదలుపెట్టాను గానీ నా మనసు అక్కడ లేదు. అంతకుముందు వారమే వనపర్తి జిల్లా కొత్తకోట దగ్గర హైవే పక్కన మిల్లు నడిపే కృష్ణయ్యతో మాట్లాడాను. ఆయనకు పెద్ద డ్రయ్యర్ ఉంది. సగం రోజులు ఖాళీగానే ఉంటోందని ఆయనే చెప్పాడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆయనకిచ్చిన మాట తప్పినట్టు. చెప్పకపోతే కళ్లెదుటే కాయ పాడవుతుంది. పైగా రాయచూరు వ్యాపారి మొదట కృష్ణయ్య దగ్గర కొనేవాడు, తర్వాత పద్మమ్మ వైపు తిరిగాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

వరుసలో తర్వాతి ప్రశ్న వచ్చింది. కెన్యాలో, వియత్నాంలో అడిగినట్టే అడిగాను: “పని ఆగిపోయినప్పుడు, మీతో పోటీగా ఇదే వ్యాపారం చేసేవాళ్లను ఎప్పుడైనా సాయం అడిగారా?”

పద్మమ్మ ఒక కాయ పగలగొట్టి పప్పు చూసింది. “కొత్తకోట కృష్ణయ్యనా? ఆయన ఎందుకు చేస్తడు? ఆయన గిరాకీ నాకాడికొచ్చె.”

“అడిగారా అక్కా?” ప్రశ్నలో ఉన్న మాటే మళ్లీ అన్నాను.

“అడగలె.” కుప్పల వైపు చూసింది. “అడిగితే ఏమంటడో తెల్వదు.” చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసింది.

“అన్నా, గట్టు పద్మను. నా డ్రయ్యర్ ఆగింది. కాయ తడిసి ఉంది.”

అవతలి నుంచి కృష్ణయ్య గొంతు నాకూ వినిపించింది. “పప్పు తెల్లగనే ఉందా?”

“ఇప్పటికైతే ఉంది.”

“మరి ఏం చూస్తున్నవ్? బండికెత్తు. టార్పాలిన్ జర గట్టిగ కట్టు, తొవ్వల మల్ల తడుస్తది.”

“అన్నా, ఆ రాయచూరు సేటు సంగతి...”

“గది తర్వాత మాట్లాడుకుందాం. ముందుగాల కాయ తీస్కరా.”

పద్మమ్మ ఫోన్ పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆడవాళ్లు అప్పటికే సంచులు పట్టుకున్నారు. నేనూ ఒక సంచి మూతి పట్టాను. ట్రాక్టర్ కొత్తకోటకని గద్వాల దారి పట్టేదాకా చూస్తూ నిలబడ్డాను.

రెండ్రోజుల తర్వాత పద్మమ్మ ఫోన్ చేసింది. ఎన్ని కాయలు పగలగొట్టి చూసినా పప్పు తెల్లగానే ఉందట, సేటు మనిషి వచ్చి సరుకు కొనడానికి ఒప్పుకున్నాడట. “నిన్న కడుపునిండ తిన్న చెల్లె,” అంది. మేడం పోయి చెల్లె అయ్యాను.

మూడు దేశాల బృందాలు వీడియోలో కలిసినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను. నా ప్రశ్న వల్లే జవాబు మారిందని కూడా చెప్పాను. కెన్యా సహోద్యోగి, తాము తిరిగిన చోట షెడ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయని, పక్కవాడి పనిముట్టు అడగడం అక్కడ పెద్ద విషయమే కాదని అన్నాడు. మన దగ్గర ఇద్దరి మధ్య ఒక నది, ఎన్నో ఊళ్లు, పైగా ఒక మొహమాటం. మేం మాత్రం ఫారంలో రెండు చోట్లా ఒకే గడి పెట్టి, మన దగ్గర ‘సాయం లేదు’ అని నింపుతూ వచ్చాం. సాయం దొరకకపోవడం వేరు, అడగకపోవడం వేరు. ఆ రోజు నుంచి అవి రెండు వేర్వేరు జవాబులయ్యాయి.

ఈమధ్య నాగర్‌కర్నూల్ జిల్లా మన్ననూరులో తేనె వడకట్టి సీసాల్లో అమ్ముకునే ఒకామెతో మాట్లాడుతుంటే, “మాకెవరు సాయం చేస్తరు?” అంది. ఎవరినైనా అడిగారా అన్నాను. ఆమె నవ్వి, “ఇంకా లేదు,” అంది. నేను తొందరపడలేదు. ఆమె ఎవరి పేరు చెబుతుందోనని ఆగాను.