యాభై ఎనిమిది కిలోల ఇసుక

ఆవులప్ప దగ్గర కారు సస్పెన్షన్ సెట్ చేయించుకోవాలంటే ఒక షరతు ఉండేది. ఆ కారులో తిరిగే మనిషే వచ్చి సీట్లో కూర్చోవాలి. అతను నేల మీద పడుకుని పని చేసినంతసేపూ దిగకూడదు, పక్కకు వంగకూడదు. రాలేమన్నవాళ్లని బరువెంతో అడిగి, అంత ఇసుక గోనెసంచిలో తూచి పోసి, మూతి కుట్టి, ఆ సీట్లో కూర్చోబెట్టేవాడు. బెంగళూరు విల్సన్ గార్డెన్‌లో అతని గ్యారేజీకి ఎదురుగా నాది బేరింగుల కొట్టు. ఏళ్ల తరబడి ఆ తంతు చూసి నవ్వుకున్నవాణ్ణి.

అతనిది మడకశిర. కలాసిపాళ్యలో లారీల కమానుకట్టలు విప్పుతూ బతుకు మొదలుపెట్టాడు. తొంభై అయిదు ప్రాంతంలో ర్యాలీలు నడిపేవాళ్లు కొత్తరకం షాకబ్జార్లు తెచ్చుకోసాగారు. గొట్టం చుట్టూ మరలు, ఆ మరల మీద తిరిగే రింగు, రింగు మీద స్ప్రింగు. రింగు పైకి తిప్పితే ఆ మూల బండి లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ ఒక మూల తిప్పితే మిగతా మూడు మూలలూ ఎంతో కొంత మారతాయి. నాలుగూ కుదిరేసరికి ఒక పూట గడిచిపోయేది.

వచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే. ఇంకో రెండు చుట్లు బిగించండి, స్ప్రింగు గట్టిపడాలి అని. ఆవులప్ప టేపు మడిచి జేబులో పెట్టుకునేవాడు.

"బిగిస్తే స్ప్రింగు గట్టిపడదు సార్. బండి పైకి లేస్తాది, అంతే. గట్టి స్ప్రింగు కావల్లంటే కొనుక్కోని రాండి."

ఇంజినీరింగు చదివినవాళ్లకి కూడా ఇదే పాఠం. ఒక్కోసారి నాకే విసుగొచ్చేది.

రెండువేల రెండులో, ఒక ర్యాలీ డ్రైవరు వద్దని వదిలేసిన షాకబ్జార్లను ఆవులప్ప తన పాత ఎస్టీమ్ కారుకి బిగించుకున్నాడు. ఆ ఆదివారం అతని భార్య పిల్లమ్మ ఎడమ సీట్లో కూర్చుంది. డ్రైవరు సీట్లో అతని బదులు నన్ను కూర్చోబెట్టాడు. అతనూ నేనూ చెరి డెబ్బై కిలోలే. పిల్లమ్మ ఒళ్లో గిన్నె, గిన్నెలో నానిన అనపగింజలు. ఒక్కో గింజనీ పితికి పప్పు తీస్తోంది.

"ఆ గిన్నె కింద పెట్టు" అన్నాడు ఆవులప్ప కారు కిందనుంచి. "దాని బరువు లెక్కలోకి రాకూడదు."

"మరి పప్పెట్ల తీసేది? నీ నెత్తిన పెట్టుకుందునా?" అంది ఆమె.

గిన్నె ఆమె ఒళ్లోనే ఉంది. మధ్యాహ్నానికి పితికిన పప్పూ తయారైంది, బండీ తయారైంది. టేపు పెట్టి చూస్తే కుడిపక్కా ఎడమపక్కా ఒక్క నూలు తేడా లేదు.

ఆ తరవాత ప్రతి ఆదివారం ముగ్గురం బయల్దేరేవాళ్లం. ఒక వారం ఆనేకల్, ఒక వారం అత్తిబెలె. అక్కడ పనేమీ లేదు. దారిలో కాఫీ తాగి తిరిగొచ్చేవాళ్లం. నాకు పెళ్లి కాలేదు, ఎందుకన్నది ఇక్కడ అనవసరం. వారంలో నాతో పని మాటలు కాక వేరే మాటలు మాట్లాడింది వాళ్లిద్దరే. నేను వెనక సీటు. వెనక కూర్చున్నవాళ్ల బరువు లెక్కలోకి రాదా అని అడిగితే, ఎప్పుడూ ఉండేవాళ్లదే లెక్క అన్నాడు ఆవులప్ప. పిల్లమ్మ నవ్వింది, నేనూ నవ్వాను.

రెండువేల ఏడు వేసవిలో పిల్లమ్మ నాలుగు రోజుల జ్వరంతో పోయింది.

నెల తరవాత ఆవులప్ప కారు తీశాడు. సందు చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి ఆపేశాడు.

"ఎడమపక్క లేసి ఉండాది" అన్నాడు.

నా కంటికి ఏమీ కనబడలేదు. అతని కంటికే కనబడేంత తేడా. రింగు కొంచెం దించుకో అన్నాను. మర్నాడు చూస్తే ఎడమ సీట్లో గోనెసంచి, దానిమీద ఆమె దుప్పటి, అడ్డంగా బెల్టు. యాభై ఎనిమిది కిలోల ఇసుక.

ఆదివారం వచ్చింది. ముందు సీట్లో ఇసుక, వెనక సీట్లో నేను. దారి పొడుగునా నేనేదైనా అంటే ఊఁ అనేవాడు, అంతే. ఏడాదిన్నర అలాగే తిరిగాం. చెప్పొద్దూ, నాకు ఆ సంచి మీద కక్ష పుట్టింది. మాట్లాడగలిగే మనిషిని నేను వెనక ఉంటే, మూట ముందు కూర్చుంటుందా అని ఒళ్లు మండిపోయేది.

అప్పుడు నేను ఒక పని చేశాను. కారు నా కొట్టు ముందే ఉండేది, తాళం చెవి నా గోడ మేకుకి. వారానికొకసారి, అతను భోజనానికి వెళ్లినప్పుడు, కుట్టు విప్పి మూడు కిలోల ఇసుక తోడేసేవాణ్ణి. ఆ ఖాళీలో బేరింగుల పెట్టెల్లో వచ్చే థర్మోకోల్ ముక్కలు కుక్కి మళ్లీ కుట్టేవాణ్ణి. సంచి ఆకారం చెక్కుచెదరలేదు. పిల్లలకి పాలు మాన్పించినట్టు మెల్లగా మాన్పిస్తున్నాను అనుకున్నాను. నేను చేస్తున్నది అతని మంచికేనని నన్ను నేను నమ్మించుకున్నాను.

ప్రతి శనివారం టేపు పెట్టి కొలిచే మనిషి, ఆ సంచిని మాత్రం ఎప్పుడూ ముట్టుకుని చూడలేదు. ఎడమపక్క లేచేది, రింగు రవ్వంత దించేవాడు. పై వారం మళ్లీ లేచేది, మళ్లీ దించేవాడు.

"పాత స్ప్రింగు అణుగుతాది గాని లేస్తాదా సొన్నప్పా?" అని నన్నే అడిగాడు ఒకసారి. నేను బేరింగులు తుడుచుకుంటూ కూర్చున్నాను.

మూడు నెలలు దాటాక ఒక మధ్యాహ్నం, అతని దగ్గరికి ఏళ్లుగా వచ్చే చైతు అనే ర్యాలీ డ్రైవరు కారు తెచ్చాడు. అలవాటు ప్రకారం సీట్లో కూర్చున్నాడు. ఆవులప్ప స్పానరు పట్టుకుని చాలాసేపు కారు పక్కనే నిలబడ్డాడు. చివరికి స్పానరు కింద పెట్టేశాడు.

"వేరే తావ చూపించుకోండి సార్. నా చెయ్యి సరిగా లేదు. నా బండే నాకు నిలవట్లేదు."

చైతు వెళ్లిపోయాడు. పై వారం ఇంకో ఇద్దరు వచ్చారు, వాళ్లనీ పంపేశాడు. గ్యారేజీ ముందు స్టూలు వేసుకుని తన అరచేతులు చూసుకుంటూ కూర్చోవడం మొదలుపెట్టాడు. పెళ్లాం పోయింది, మిగిలింది ఆ చేతుల్లో పనే. దాన్ని కూడా నేనే తినేస్తున్నానని అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

రోడ్డు దాటి వెళ్లి, ఉన్నదంతా చెప్పేశాను.

లేచి కారు తలుపు తీశాడు. బెల్టు విప్పి, దుప్పటి మడిచి పక్కన పెట్టి, సంచిని ఒంటిచేత్తో పైకెత్తాడు. అంత తేలిగ్గా లేస్తుందని అనుకోలేదు, చెయ్యి ఒక్కసారి ఎగిరింది. తిట్టినా బాగుండేది.

"ఎన్ని వారాలు?" అన్నాడు.

"పద్నాలుగు."

"పద్నాలుగు వారాలు నేనే తిప్పినా. నా చేత్తోనే ఆమెను రవ్వంత రవ్వంత దింపేసినా. నాకు తెలీనే లేదు."

"నీ చెయ్యి తప్పలేదప్పా" అన్నాను. "ఇసుక ఎంత తగ్గితే అంతే దించినావు. అర నూలు కూడా తప్పు పోలేదు."

"తప్పింటే బాగుండు" అన్నాడు.

సోమవారం చైతుని పిలిపించి కారు సెట్ చేసి ఇచ్చాడు. తన కారు రింగు మాత్రం మళ్లీ పైకి తిప్పలేదు, సంచి తీసేసి మిగిలిన పదహారు కిలోలకీ కిందికే తిప్పాడు.

ఆదివారం పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని కొట్టు ముందు నిలబడ్డాను. ఆవులప్ప వచ్చి మేకు మీది తాళం చెవి తీసుకున్నాడు. ముందు సీట్లో సంచి లేదు, దుప్పటి లేదు. నేను అటు వెళ్లి తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

"ఒక్కనికే సెట్ అయ్యుండాది సొన్నప్పా" అన్నాడు. గొంతులో కోపం లేదు.

నేను చెయ్యి తీసేశాను. కారు సందు చివర మలుపు తిరిగింది. ఎడమకీ కుడికీ వాలకుండా, గీత గీసినట్టు పోయింది.

షట్టరు సగం ఎత్తి లోపల కూర్చున్నాను. మూలన, పెట్టెల వెనక, నేను తోడి పోసిన ఇసుక అలాగే ఉంది. నలభై రెండు కిలోలు. ఇప్పటికీ పారబోయలేదు.