మైనంలో నాయన బిళ్ల

ఈ రోజు పొద్దున చాయ్‌లో మైనం వాసన వచ్చింది. గిన్నె అడుగున చూస్తే పసుపుపచ్చని పొర. మా ఇంట్లో గిన్నెలు, గరిటెలు, ఇస్త్రీ పెట్టె కళకు అంకితమైపోయి చాలా ఏళ్లయింది. మా ఆవిడ తేనెమైనంలో గుగ్గిలం వేసి కరిగిస్తుంది, రంగులు కలిపి చెక్క పలకల మీద పూస్తుంది, అది గట్టిపడకముందే కంటికి దొరికిన చెత్తంతా అందులో అతికిస్తుంది. మైనం గోండ్‌పిప్రిలోని పుట్టింటి నుంచి బస్సులో వస్తుంది. చెత్తకు చంద్రపూర్ పక్కన ఉన్న మా దుర్గాపూర్‌లో ఏ లోటూ లేదు. తుప్పు పట్టిన బోల్టులు, గాజుముక్కలు, సైకిల్ గంట మూత, ఒకసారి నా కళ్లద్దాల కాడ. అది విరిగిందే అని ఆమె అంటుంది, విరగలేదని నేనంటాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. "దినాం గీ కంపు ఏందే?" అంటే, "మైనం కంపు కొడ్తదా? నీ ముక్కు ఖరాబైంది, డాక్టర్‌కు చూపెట్టుకోరాదు" అంటుంది.

కొన్నేళ్ల కిందటి మాట, అప్పుడు మా అమ్మ ఉండేది. నాయన బొగ్గు గనిలో పనిచేసి ఎప్పుడో పోయాడు. ఆయన గుర్తుగా మిగిలింది నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి. గనిలోకి దిగే ముందు ప్రతి మనిషీ తన బిళ్లను దీపాల గదిలో ఇచ్చి దీపం తీసుకునేవాడు. బిళ్ల అక్కడ మేకుకు వేలాడుతున్నంతసేపూ మనిషి లోపల ఉన్నట్టు, పైకి వచ్చి దాన్ని వెనక్కి తీసుకుంటే క్షేమంగా వచ్చినట్టు. నాయన ఇంటికి రాగానే దాన్ని అమ్మ చేతిలో పెట్టేవాడు. అప్పటిదాకా ఆమె ముద్ద ముట్టేది కాదు. గని ఇళ్లలో బిళ్లను ఎవరూ గోడకు వేలాడదీయరు. మా ఆవిడ వరి పండించే ఇంటి పిల్ల, ఆమెకు ఇవన్నీ ఏం తెలుసు? సందుకలో దొరికిన బిళ్లను నల్లని మైనం నడుమ, చుట్టూ పసుపు కిరణాలు దిద్ది సూర్యుడిలా పొదిగింది. ఆ పలక నాగపూర్‌లో ప్రదర్శనకు ఎంపికైంది. మర్నాడు తీసుకెళ్లేదాకా అని దాన్ని హాల్లో మేకుకు తగిలించింది.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్న అమ్మ గోడవైపు చూసి చెయ్యి కడుక్కుంది.

"ఏందమ్మా, తినవా?"

"మీ నాయన ఇంకా లోపట్నే ఉన్నడు. రానీ, తింట."

మతి బాగానే ఉన్న మనిషి. ఆయన పోయాడని తెలియక కాదు, కళ్లెదుట బిళ్ల వేలాడుతుంటే ఆమెకు ముద్ద దిగలేదు, అంతే. పలకను దించి కింద పెట్టాను. "బిళ్ల ఇంక అండ్లనే ఇరుక్కొని ఉన్నది గద" అని అమ్మ మొహం తిప్పుకుంది. పొద్దు వాలుతున్నా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. నేను మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "ఊరి చెత్తంత సాలలేదా నీకు? మా నాయన బిళ్లనే దొరికిందా?"

"నాకేం ఎరుక? ఒక్కలన్న చెప్పిన్రా? ఎండకాలమంత కూసొని చేసిన. దాన్ని తీస్తే బొమ్మ ఖతమైతది" అని ఆమె కూడా గొంతు పెంచింది. తరువాత విసురుగా వంటింట్లోకి పోయింది.

కాసేపటికి ఇస్త్రీ పెట్టె పట్టుకుని వచ్చింది. నా వైపు చూడకుండానే దాని వేడి మొనను బిళ్ల చుట్టూ తిప్పింది. నలుపూ పసుపూ కలిసి కారిపోయాయి. బిళ్లను ఊడదీసి, కొంగుతో తుడిచి అమ్మ అరచేతిలో పెట్టింది. "అత్తమ్మా, మామ వచ్చిండు. లెవ్వు, తిను."

అమ్మ పిడికిలి బిగించింది. "కూర సల్లారింది, జర ఎచ్చజెయ్యి బిడ్డా" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ పలక నాగపూర్ పోలేదు. నడుమ గుంటతో మా హాల్లోనే ఉంది. ఇప్పుడు అమ్మా లేదు. చంద్రపూర్ ఎండలకు మైనం మెత్తబడి, అంచుల నుంచి ఆ గుంటలోకి జారుతుంటుంది. మైనమంటేనే మండిపడే నేను, మే నెల వచ్చిందంటే ఆ పలక ముందు తడి గోనెపట్టా కట్టి ఫ్యాను తిప్పిపెడతాను. మా ఆవిడ చూసి నవ్వుతుంది. అయినా ఏటా గుంట కొంచెం పూడుతూనే ఉంది. పూడ్చుకుంటూ పోవడమే తెలిసిన ఈ కాలానికి, ఎక్కడ ఆగాలో ఎవరు చెప్పాలి?