అరుణ గీయని మాంగా

ఏళ్ల తరబడి ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నేనొక కథ దొంగిలించాను. దొంగిలించినదాన్ని సరిగా వాడుకోవడం కూడా చేతకాక పాడుచేశాను. ఈ రెండింటిలో దేనికి ఎక్కువ సిగ్గుపడుతున్నానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలోనే ఉండే అమ్మాయి పేరు అరుణ అనుకోండి. అసలు పేరు అది కాదు. ఆమెది పులివెందుల అవతల లింగాల దగ్గర పల్లె. చీనీ, అంటే బత్తాయి తోటలున్న రైతుల ఇల్లు. నాది జమ్మలమడుగు. అమ్మానాన్నలిద్దరూ టీచర్లు, ఆదివారం చర్చి తప్పనిచ్చేవారు కాదు. మా ఇద్దరినీ కలిపింది మాంగా పిచ్చి. జపాన్ వాళ్ల బొమ్మల కథలు, కుడి నుంచి ఎడమకు చదివేవి. ఒకే ఫోన్లో తలలు ఆనించుకుని చదివేవాళ్లం. ఇద్దరం గీసేవాళ్లం కూడా. నా చేయి బాగా తిరుగుతుందని అందరూ అనేవారు. అరుణ గీసిన మనుషులకు ఒక చేయి పొడుగు, ఒక చేయి పొట్టి. కానీ కథలు ఆమెకే వచ్చేవి. నాకు ఒక్కటీ వచ్చేది కాదు.

ఒకసారి వాళ్ల ఊరికి వెళ్లాను. ఆ రోజు వాళ్ల తోటలో బోరు వేస్తున్నారు. నీళ్లు చూసే ఆయన ముందురోజే వచ్చి, అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని తోటంతా నడిచాడట. టెంకాయ లేచి నిలబడిన చోట రాయి పెట్టి పోయాడట. నేను వెళ్లేసరికి బోరు లారీ మోత మోగిపోతోంది. తెల్లటి దుమ్ము అందరి కనుబొమ్మల మీదా పేరుకుంది. దుమ్ము తడిసి, బురదై, ఒక్కసారిగా నీళ్లు పైకి తన్నేసరికి వాళ్ల నాన్న ఆ నీళ్లలోనే నిలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు. అరుణ మాత్రం నవ్వలేదు. గట్టు అవతల ఉన్న వాళ్ల పెదనాన్న తోట వైపు చూస్తోంది. ఇక్కడ నీళ్లు పడితే అక్కడి బోరు ఆగిపోతుందేమోనని ఆమె భయం.

తర్వాత ఆ గట్టు మీదే కూర్చుని తను గీయబోయే మాంగా నాకు చెప్పింది. ఒక ఊళ్లో ఒక పాప. ఆ పాప చేతిలో టెంకాయ ఎన్నడూ తప్పదు. కానీ తను నీళ్లు చూపించిన ప్రతిసారీ, దానివల్ల ఎవరి బోరు ఎండిపోతుందో కూడా ఆ పాపకు ముందే తెలుస్తుంది. ఆ ఒక్కదానికే తెలుస్తుంది. నీళ్లు చూపించమని ఊరంతా వచ్చి వాకిట్లో నిలబడింది. అప్పుడా పాప ఏం చేస్తుంది?

ఇంతలో అన్నానికి పిలిచారు. కథ అక్కడే ఆగింది.

సెలవుల్లో జమ్మలమడుగు ఇంట్లో కూర్చుని దాన్ని గీయడం మొదలుపెట్టాను. చేతికి సాధన కోసమే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, అనుకుంటున్నట్టు నన్ను నేను నమ్మించుకున్నానా? మొదటి భాగం ఎంత బాగా వచ్చిందంటే, దాచుకోలేక మారుపేరుతో ఒక సైట్లో ఇంగ్లీషులో పెట్టేశాను. అరుణ గుర్తుపట్టకూడదని లింగాలను జపాన్ కొండపల్లెగా మార్చాను. పాపకు జపాన్ పేరు పెట్టాను. జపాన్ కొండల్లో టెంకాయ ఎక్కడిది? అది తీసేసి చేతికొక గంట ఇచ్చాను. బోరు లారీని మాత్రం మార్చలేకపోయాను. నేను కళ్లారా చూసింది ఆ ఒక్కదాన్నే. పసుపు, కుంకుమ, ముందు వేలాడే నిమ్మకాయలతో సహా గీసేశాను. జపాన్ బండికి ఆ నిమ్మకాయలేమిటని ఒక పాఠకుడు అడిగాడు కూడా. దొంగతనమైనా మన ఊరి పద్ధతిలోనే చేసినట్టున్నాను.

మొదట్లో జనం ఎగబడి చదివారు. ఇంత మంచి ఊహ ఎలా వచ్చిందన్నారు. తర్వాత ఏమవుతుందని అడిగారు. నాకు తెలిస్తే కదా! ఆ పాప మనసులో ఏముందో తెలియనప్పుడు నాలాంటివాళ్లు ఏం చేస్తారు? కొట్లాట పెడతారు. భూమి లోపల ఒక నీటి రాక్షసుణ్ని పెట్టాను. గంటలోంచి మెరుపులు రప్పించాను. బోర్లు ఎండిపోయినవాళ్ల సంగతే మరిచిపోయాను. ఆలోచన గొప్పదే కానీ నడపడం చేతకాలేదని ఎవరో రాశారు. ఆ మాట చదివి ఏడ్చాను. చదివేవాళ్లు తగ్గిపోయారు, నేనూ మధ్యలో వదిలేశాను. కానీ సైట్లోంచి తీసేయలేదు.

చివరి ఏడాది ఒక మధ్యాహ్నం అరుణను బస్సెక్కించడానికి ప్రొద్దుటూరు బస్టాండుకు వెళ్లాను. పులివెందుల బస్సు ఇంకా రాలేదు. అరుణ తన ఫోన్ నా ముందు పెట్టింది.

"చూడు మే. ఎవరో నా కతే గీసినారు."

నేనేనని చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. అయినా నా నోటి నుంచి వచ్చిందేమిటో తెలుసా?

"ఎట్లుండాది?"

"మొదలు శానా బాగుండాది. పోను పోను చెడగొట్టినారు. ఆ పాప కొట్లాడేదేంది మే?" అని, బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూసింది. "జపాన్‌లో గూడా బోరు లారీకి నిమ్మకాయలు కడతారా?"

"నువ్వు గీయి నీది" అన్నాను.

"ఇంగేం గీసేది? ఇప్పుడు గీస్తే నాదే దొంగకత అంటారు."

అక్కడైనా నోరు మూసుకోవలసింది. కానీ నేను ఇంకొకటి అడిగాను. "మరి నీ కతలో చివరికి ఏం చేస్తాది ఆ పాప?"

"నాకూ తెలీదు మే. గీస్తా పోతే తెలుస్తాదిలే అనుకుంటి."

బస్సు వచ్చింది. అందరిలాగే సీటు కోసం కిటికీలోంచి సంచి లోపల వేసి, అరుణ ఎక్కేసింది.

ఒకే గదిలో ఉన్నవాళ్లం. నా గీత ఆమెకు తెలియదా? తెలిసే నిమ్మకాయల గురించి అడిగిందా? నేను ఒప్పుకోవడానికి దారి ఇచ్చిందా? ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్లు ఫోన్ మీద ఉన్నాయో నా మీద ఉన్నాయో గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా కుదరడం లేదు, ఎందుకంటే అప్పుడు నేను ఆమె ముఖం చూడలేదు. ప్రతి ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన పైకి చెబుతాను. అందరి గొంతుల మధ్య నా ఒక్క పాపం దాచుకోవడం చాలా తేలిక.

అరుణ ఇప్పుడు పులివెందులలో ఉంటోంది. ఈ మధ్య కనిపిస్తే గీస్తున్నావా అని అడిగాను. పెన్సిల్ పట్టి ఏళ్లయిందని నవ్వింది.

ఇది ఎందుకు రాస్తున్నానని నన్ను నేను అడుగుతున్నాను. తప్పు ఒప్పుకోవాలనా? లేక ఇది చదివి అరుణ మళ్లీ గీస్తే, ఆ పాప చివరికి ఏం చేసిందో తెలుసుకోవాలనా? రెండో ఆశ కూడా ఉంది. దాచను. ఆ ముగింపు నా దగ్గర ఉండి ఉంటే తిరిగి ఇచ్చేసేదాన్ని. కానీ అది ఎవరి దగ్గరా లేదు. అరుణ చేతి కింద పుట్టవలసింది, పుట్టకుండా చేశాను. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. చెప్పేస్తే చాలు, ఊపిరి కాస్త తేలికగా ఆడుతుంది.

అరుణా, జపాన్ వాళ్లెవరూ కాదు. అది గీసింది నేనే.