దుబాయికి దిగుడే, పులిహోర ఎందుకు?

మా అత్తగారిని ఆకాశంలో పస్తు పెట్టిన ఘనత నాది. ఆరేళ్లు ఆ నేరం వేరొకరి మీద ఉండింది. ఇప్పుడు నిజం రాసేస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

మరదలి కాన్పుకి అత్తగారు మొదటిసారి దుబాయి బయలుదేరారు. ఆమె బయటి వంట ముట్టరు. అందుకే బెంగళూరు కాటన్‌పేటలోని ఇంట్లో తెల్లారేసరికే చింతపండు పులిహోర కలిపి డబ్బాకెత్తారు.

"ఎంతసేపు పడతాది అల్లుడా?"

టికెట్టు చూశాను. ఇక్కడ పదికి ఎక్కితే అక్కడ పన్నెండున్నరకి దిగుతారు. ఒకటో తరగతి పిల్లలు చేసే తీసివేత.

"రెండున్నర గంటలే అత్తయ్యా. సాయంత్రం ట్రాఫిక్‌లో ఊరి చివర కాడుగోడికి పోయేంత సేపు! పులిహోర మోత ఎందుకు?"

మా ఆవిడ రమ తిరుగు టికెట్టు చూపించింది. "వచ్చేటప్పుడు ఒకటిన్నరకి ఎక్కితే ఏడుకి దిగుతాదంట. ఐదున్నర గంటలు ఎట్లయితాది?"

తెలియదని చెప్పడం మా వంశంలోనే లేదు. "బెంగళూరు ఎత్తులో ఉంది, దుబాయి సముద్రం ఒడ్డున ఉంది. మొగిలి ఘాట్‌లో బస్సు దిగేటప్పుడు ఉరుకుతుంది, ఎక్కేటప్పుడు మూలుగుతుంది. విమానమూ అంతే."

"ఎంత తెలివప్పా!" అన్నారు అత్తగారు. "అయినా డబ్బా ఉండనీ."

తెలివైనవాణ్ణి కదా, విమానాశ్రయంలో సామాను దించుతూ డబ్బాని నెమ్మదిగా కారులోనే ఉంచేశాను. తిరుగుదారిలో హెబ్బాళ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. మూత తీశాను. బండ్లు కదిలేసరికి అడుగున రెండు వేరుశనగ గుళ్లు మిగిలాయి.

సాయంత్రం ఫోను. "నాలుగు గంటలు ఎగిరినాదప్పా! ఎక్కేముందు మూడు గంటలు ఊరికే కూచోబెట్టినారు. బ్యాగులో చూస్తే డబ్బా లేదు. నీళ్లు తాగి కూచున్నాను."

అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక అనీ, పోయినా వచ్చినా నాలుగు గంటలేననీ తోడల్లుడు ఫోను తీసుకుని ఓపిగ్గా బోధించాడు. నా ఘాట్ రోడ్డు అక్కడికక్కడే కూలిపోయింది. మళ్లీ అత్తగారే.

"డబ్బా ఎక్కడ పోయిండాది అల్లుడా?"

"చెకింగులో తీసేసుకుని ఉంటారు అత్తయ్యా," అన్నాను. నా చేతికి ఇంకా ఇంగువ వాసన పోలేదు.

పోయిన నెల ఆమె రెండోసారి బయలుదేరారు. ఈసారి రెండు డబ్బాలు. గేటు దగ్గర ఒకటి తీసి సెక్యూరిటీ అతని చేతిలో పెట్టారు.

"ఇది నీకప్పా. పోయినసారి మాదిరి నాది మాత్రం లాక్కోవద్దు."

అతను నవ్వేసి, డబ్బా తిరిగిచ్చి, "పులిహోర మేమెందుకు లాక్కుంటామమ్మా?" అన్నాడు కన్నడలో.

అత్తగారు మెల్లగా నా వైపు తిరిగారు. రమ కూడా తిరిగింది.

"ఎంతసేపట్లో తిన్నావు అల్లుడా?"

"హెబ్బాళ దాటేలోపల, అత్తయ్యా."

నేను తలదించుకున్నాను. ఆమె నవ్వు ఆపుకోలేక రెండో డబ్బా నా చేతిలో పెట్టారు. "ఈసారి చెప్పి తిను."

ఆ డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఇక బతికుండగా ఏ రెండు ఊళ్ల మధ్యా ప్రయాణ కాలం లెక్కగట్టను. అది ఖాళీ అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు కూడా.