సున్నం మీద వేసిన రంగు

దాచేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో బ్రహ్మయ్య సున్నం వెయ్యని పాత ఇల్లు దొరకడం కష్టం. గోడ తెల్లగా మెరిసేదాకా ఇంకో పూత వేసేవాడే గాని కుంచె దించేవాడు కాదు. జనం డబ్బా రంగులకు మళ్ళాక ఆయనా మళ్ళక తప్పలేదు. మొదటి పని నమ్మి ఇచ్చింది కోటేశ్వరమ్మ. మేడమీద కొత్త గదులు కట్టించి, పాలు పొంగించడానికి ముహూర్తం పెట్టుకుందామె.

ఆమె మీది అభిమానంతో, ఎవరూ అడక్కుండానే, బ్రహ్మయ్య ముందు చిక్కగా సున్నం పూసి దానిమీద రంగు వేశాడు. గదులు చూడముచ్చటగా వచ్చాయి. ముహూర్తం ఇంకా వారం ఉందనగా మంచం జరుపుతుంటే కోడు గోడకు గీసుకుని, రంగు పాల మీది మీగడలా చుట్టుకుని ఊడొచ్చింది.

కబురందుకుని వచ్చిన బ్రహ్మయ్య ఊడిన చోట వేలితో తడిమి చూశాడు. ఇది ఊళ్ళో పాకితే తనను మళ్ళీ ఎవరు పిలుస్తారు? సున్నం పని ఎటూ పోయింది, ఇదీ పోతే ఇక బతుకేముంది?

కోటేశ్వరమ్మ మనవరాలు ధరణి యూనివర్సిటీలో ఈ డబ్బా రంగుల్లో ఉండే అక్రిలిక్ అనే ప్లాస్టిక్ రేణువుల మీదే చదువుతోంది. ఊడిన పెచ్చు తిప్పి చూపించింది. వెనకంతా తెల్లటి పొడి.

"డబ్బాలో ఉన్నంతసేపు ఈ రేణువులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటయ్ బాబాయ్. నీళ్ళు ఆరేకొద్దీ దగ్గరికొచ్చి కరుచుకుంటయ్. తగిలినదాన్ని కూడా వదలవు."

"మరి నా గోడనెందుకు వదిలినయ్యమ్మా?"

"గోడ వాటికి అందితేగా. మధ్యలో నీ సున్నముంది. అవి దాన్ని గట్టిగానే పట్టుకున్నయ్, అదే గోడను పట్టుకోలా."

"సున్నం ఎవురెయ్యమన్నార్రా నిన్ను?" అంది కోటేశ్వరమ్మ.

"గోడకు మంచిదనుకున్నా పిన్నీ."

ఆమె నోటికి ఊరంతా జడుస్తుంది. ఆ రోజు మాత్రం ఇంకేమీ అనకుండా కొంగు బిగించి, తనూ ఒక రేకుముక్క తెచ్చుకుని గీకడం మొదలుపెట్టింది. సాయంత్రానికి ముగ్గురూ పిండిమరలోంచి వచ్చినట్టు తయారయ్యారు. గోడలు కడిగి, ఆరనిచ్చి, బ్రహ్మయ్య రంగు పట్టడానికి అడుగున వేసే ప్రైమరు కొట్టి మళ్ళీ రంగు వేశాడు. ధరణి చెప్పినట్టు టేపు అంటించి లాగి చూశాడు. రంగు ఊడకుండా టేపు ఉత్తగానే వచ్చింది.

పాలు పొంగించిన రోజు భోజనాల దగ్గర, బెల్లంకొండ నుంచి వచ్చిన కోటేశ్వరమ్మ తమ్ముడు హనుమంతరావు అడిగాడు. "రంగు ఎవరేశారక్కా? మా ఇంటిక్కూడా కావాల."

"మా బ్రహ్మయ్యే. మొదటిసారి ఏసిందంతా ఊడిపోయింది."

అదే బంతిలో కూర్చున్న బ్రహ్మయ్య చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

"ఊడిందని మొహం చాటెయ్యలా. వచ్చి గీకి మళ్ళా ఏశాడు. ఇట్టాంటోడు నీకు యాడ దొరుకుతాడు?"

కన్నతల్లి కూడా తనను నలుగురిలో ఇలా కాసుకోలేదనిపించింది బ్రహ్మయ్యకు. ఆమెకు దణ్ణం పెడదామంటే కుడిచెయ్యి ఎంగిలాయె.

"అయితే రేపే వచ్చి మొదలుపెట్టు," అన్నాడు హనుమంతరావు.

"ముందు మీ గోడకు టేపు అంటించి చూస్తా మామా," అన్నాడు బ్రహ్మయ్య, ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంటూ.